మదర్ క్రెన్షా పాట

"ఓజెల్లా, మీ అమ్మాయిని ఆ పాకం సీసా ఇటు జరపమను."

లూషియస్ పెటిగ్రూకి, ఆయన కూతురు వెర్లీన్‌కి మధ్య బల్ల మీద జానెడు దూరం ఉంది. పాకం సీసా ఆ జానెడులోనే ఉంది. అయినా సరే, మాట మాత్రం పొయ్యి దగ్గరున్న ఓజెల్లా దాకా వెళ్లి తిరిగి రావాలి. ఆరు రోజులుగా ఇంట్లో ఇదే వరస.

"అమ్మా, సీసా నాన్న మోచేతికి తగుల్తోందని చెప్పు," అంది వెర్లీన్.

"ఓజెల్లా, నాకు కళ్లున్నాయని చెప్పు."

"అమ్మా, ఉన్నట్టు లేదని చెప్పు."

ఓజెల్లా గరిటె కింద పెట్టింది. "నేనేమన్నా టెలిఫోన్ ఆఫీసులో పనిచేస్తున్నానా, ఇటు మాట అటూ అటు మాట ఇటూ కలపడానికి? అక్కడైతే జీతమన్నా ఇస్తారు."

వచ్చి, సీసా తీసి, భర్త పళ్లెంలో రొట్టెలు మునిగిపోయేదాకా పాకం పోసింది. "ఇక చాలనాలంటే, డీకన్ గారూ, మీ అమ్మాయితో చెప్పించండి."

మనసు బాగుంటే ఓజెల్లాకి ఆయన లూషియస్. బాగోకపోతే డీకన్ గారు, మీరు. ఆ తేడా ఆయనకు పాతికేళ్లుగా తెలుసు. నోరు మూసుకుని పాకంలో రొట్టె కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

గడిచిన ఆదివారం సాయంత్రం సైకమోర్ వీధి చర్చి పెద్దలైన డీకన్లు ఏడుగురూ తలుపులు వేసుకుని కూర్చుని వెర్లీన్‌ను పాటబృందం కూర్చునే క్వైర్ బెంచీ మీంచి దింపేశారు. ఆమె పాడిన రికార్డు నెల రోజులుగా మెంఫిస్ రేడియోలో పొద్దస్తమానం మోగుతోంది, అదీ నేరం. రేపు రొట్టె విరిచి పంచే ప్రభు సంస్కారం జరిగే, నెలలో మొదటి ఆదివారం. రేపు ఆమె సంఘం ముందు నిలబడి తప్పయిందనాలి, ఇక చర్చివి కాని లోకం పాటలు పాడనని మాట ఇవ్వాలి. లేకపోతే పుస్తకంలో పేరు కొట్టేస్తారు. ఎల్లుండి సోమవారం పొద్దున్న ఆరింటికేమో అదే లోకం పాటలు పాడటానికి ఆమె ఊరూరా తిరిగే బ్యాండు బస్సెక్కాలి. ఆరో ఏట నుంచి ఆ క్వైర్ బెంచీ మీద పెరిగిన పిల్ల. దింపిన ఏడుగురిలో ఒకడు కన్నతండ్రి.

ఓజెల్లాకి రెండూ కావాలి. కూతురు బస్సూ ఎక్కాలి, తిరిగొచ్చేసరికి చర్చి తలుపూ తెరిచి ఉండాలి. రెండూ ఎలా కుదురుతాయా అని ఆరు రోజులుగా ఆలోచిస్తే తలనొప్పి తప్ప ఇంకేమీ రాలేదు.

"ఆ పాటలో, తెల్లారేదాకా కూర్చోమందట!" లూషియస్ ఉన్నట్టుండి పళ్లెంతో అన్నాడు. "ఎవణ్ణి? కూర్చుని ఏం చేస్తాడట తెల్లారేదాకా? పేకాడతాడా?"

"చర్చిలో నలభై ఏళ్లుగా అదే మాట పాడుతున్నారు," అంది వెర్లీన్. "యేసయ్య తెల్లారేదాకా కూర్చుని ఏం చేస్తాడని ఒక్కరూ అడగలేదు."

"ఆయనకి పనుంటుంది!"

అనేశాక తెలిసింది, కూతురితో నేరుగా మాట్లాడేశానని. నాలిక కరుచుకున్నాడు. "ఓజెల్లా, ఆయనకి పనుంటుందని చెప్పు."

ఓజెల్లా గబుక్కున పొయ్యి వైపు తిరిగింది. భుజాలు కదలకుండా నవ్వడం ఆమెకు చేతనవును. పెళ్లయిన కొత్తలోనే నేర్చుకుంది.

వెర్లీన్ మాత్రం నవ్వలేదు. "అమ్మా, ఒక్క మాట అడిగి పెట్టు. ఆ రోజు మీటింగులో చేతులెత్తమన్నప్పుడు నాన్న చెయ్యెత్తాడా?"

 లూషియస్ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. మీటింగులో జరిగింది బయట చెప్పకూడదని డీకన్లకు కట్టుబాటు. ఆరు రోజులుగా ఆయన ఆ కట్టుబాటు చాటునే దాక్కున్నాడు. చివరికి లేచి, గోడకున్న టోపీ తీసుకున్నాడు.

"ఓజెల్లా, రేపటికి సంస్కారం గ్లాసులు కడగాలి. చర్చికి వెళ్తున్నానని చెప్పు."

"ఎవరికి చెప్పను? గోడకా?"

తలుపు పడింది. వెర్లీన్ లేచి తన పళ్లెం, తండ్రి పళ్లెం రెండూ తీసింది. 

ఓజెల్లాకి ఒక సంగతి తెలుసు. చెప్పాలా వద్దా అని దాచింది. నెల రోజులుగా పత్తి గోదాము నుంచి సాయంత్రం ఇంటికొచ్చిన మనిషి కారు ఆపి వెంటనే దిగడం లేదు. ఇంజన్ ఆగిపోయాక కూడా రెండు నిమిషాల నలభై సెకన్లు అలాగే స్టీరింగు పట్టుకుని కూర్చుంటున్నాడు. ఆ రికార్డు సరిగ్గా రెండు నిమిషాల నలభై సెకన్లు.

*

పదింటికి ఫోన్ మోగింది. బ్యాండు నడిపే డీవిట్ స్పార్క్స్. ఆ వారంలో అది పద్నాలుగోసారి.

"మిసెస్ పెటిగ్రూ గారూ, ముప్ఫై ఊళ్లు, నలభై అయిదు రోజులు. సోమవారం ఆరంటే ఆరే. ఆరూ అయిదుకి నా బస్సు వంతెన దాటి ఆర్కాన్సాలో ఉంటుంది. మీ అమ్మాయి వస్తోందా, రావట్లేదా?"

"రేపు సంఘం ఏమంటుందో చూసి..."

"సంఘం టిక్కెట్లు కొన్లేదు కదమ్మా! లిటిల్ రాక్‌లో ఇంకో అమ్మాయి రెడీగా కూర్చుంది. కాళ్లకి బూట్లు కూడా వేసుకుని కూర్చుంది."

"విప్పుకోమనండి. కాళ్లు వాస్తాయి," అని ఓజెల్లా ఫోన్ పెట్టేసింది.

పెట్టేసింది కానీ, చెయ్యి మాత్రం ఫోను మీదే ఉంచి కాసేపు నిలబడిపోయింది. ఇంకొక అమ్మాయి ఉంది. ఎప్పుడూ ఇంకొక అమ్మాయి ఉంటుంది.

మధ్యాహ్నం ముందు గదిలో వెర్లీన్ స్టూలెక్కి నిలబడింది. ఒంటి మీద నీలం గౌను, గౌను నిండా పూసలు. చర్చిలో క్వైర్ అంగీలు ముప్ఫై రెండూ కుట్టింది ఓజెల్లాయే. అదే మిషను మీద, అదే సూదితో ఈ గౌను కూడా కుడుతోంది. అంగీలకి కుట్టు ఎంత గట్టిగా వేసిందో దీనికీ అంతే గట్టిగా వేసింది. పాట ఏదయినా ఊపిరి పట్టే చోటు పక్కటెముకల దగ్గరే కదా.

"అమ్మా, రేపు తప్పయిందననా?"

ఓజెల్లా నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. జవాబు చెప్పకపోవడానికి అంతకంటే మంచి కారణం లేదు.

"పాడినందుకైతే నాకేం సిగ్గులేదమ్మా. అడిగితే ఊరంతా వినేలా చెప్తా. ఒక్క సంగతికి మాత్రం మొహం ఎత్తుకోలేకపోతున్నా. అది డీకన్ల సంగతి కాదు. మదర్ క్రెన్షా సంగతి."

ఓజెల్లా సూదులన్నీ తీసి దిండులో గుచ్చింది. ఆరు రోజుల్లో ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అసలు గొడవ ఆ పేరులోనే ఉంది.

సైకమోర్ వీధి చర్చిలో పాటలకు సొంత మనుషులుంటారు. ఫలానా పాట ఫలానావాళ్లది. వాళ్లు బతికుండగా ఇంకొకళ్లు దాన్ని ఎత్తరు. ఎత్తితే పొరుగింటి వంటింట్లోకి దూరి గిన్నె మూత తీసినట్టే. 'తెల్లారేదాకా నాతో కూర్చో యేసయ్యా' అనేది సంఘమంతా పెద్దదిక్కుగా చూసి మదర్ అని పిలిచే ఎనభై ఒక్క ఏళ్ల క్రెన్షాది. నలభై ఒక్క ఏళ్ల కిందట మూడేళ్ల కొడుకు జ్వరంతో కాలిపోతుంటే, డాక్టరుకు కబురు అందక, రాత్రంతా మంచం పక్కన కూర్చుని ఆవిడ తనకు తానుగా కట్టుకున్న పాట. ప్రతి మొదటి ఆదివారం, రొట్టె విరిచే ముందు ఆవిడే ఎత్తుతుంది. వెర్లీన్ స్టూడియోలో పాడింది ఆ పాటే. యేసయ్య ఉన్నచోట 'బంగారం' అని పెట్టింది, అంతే తేడా.

"ఆవిడ ఏమన్నా అందా?" అంది వెర్లీన్.

"ఏమీ అనలేదు. అదే నాకు..."

వీధిలో కారు హారన్ మోగింది. ఓజెల్లా కిటికీ తెర తొలగించి చూసి, చటుక్కున వదిలేసింది.

"దిగు! దిగు! గౌను విప్పు! ఆవిడే వచ్చేసింది!"

*

ఆకుపచ్చ కారులోంచి ముందు చేతికర్ర దిగింది. తర్వాత తెల్ల బూటు, తర్వాత తెల్ల గౌను, తెల్ల టోపీ, అన్నిటి తర్వాత మదర్ క్రెన్షా. తోలుకొచ్చిన కొడుకు రాస్కో స్టీరింగు వెనకే ఉండిపోయాడు. జ్వరంతో కాలిపోయిన ఆ పిల్లాడే ఇప్పుడు తపాలా ఆఫీసులో పెద్ద ఉద్యోగి. రెండు వందల నలభై పౌండ్ల బరువు.

"లోపలికి రావయ్యా రాస్కో!" అని పిలిచింది ఓజెల్లా.

"వద్దంది సిస్టర్. కారులోనే ఉండమంది," అన్నాడు రాస్కో, చివాట్లు తిన్న పిల్లాడి గొంతుతో.

మదర్ క్రెన్షా ఇంట్లో అన్నిటికంటే నిటారుగా ఉన్న కుర్చీ ఎంచుకుని కూర్చుంది. గ్లాసులు కడగడానికి వెళ్లిన లూషియస్ ఆ కారు చూసి చర్చి నుంచి పరుగున వచ్చాడు. చొక్కా చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. వెర్లీన్ ఇంటి గౌనులో, చెప్పుల్లేకుండా, గోడకు అంటుకుని నిలబడింది.

"ఏమ్మా ఓజెల్లా, నీ చేతి మీద పూసలేమిటి?"

ఓజెల్లా చెయ్యి దులుపుకుంది. నీలం పూసలు రెండు చాప మీద పడి దొర్లాయి. అందరూ వాటినే చూశారు.

"సరే," అంది మదర్ క్రెన్షా. "ఆ రికార్డు తెండి. వింటాను. నాకు రేడియో లేదు. ఉన్నా రాస్కో ముట్టుకోనివ్వడు."

"మదర్ గారూ, ఈ ఇంట్లో అలాంటి రికార్డు..." లూషియస్ గొంతు సవరించుకున్నాడు. "ఇది డీకన్ ఇల్లు. అలాంటిది గడప తొక్కనివ్వలేదు."

"నా దగ్గర ఒకటుంది, తెస్తాను," అంది వెర్లీన్ మెల్లగా.

"నువ్వెందుకులే మేడెక్కడం," అంది ఓజెల్లా. "ఆ బీరువాలో, సండే స్కూలు పాఠాల పుస్తకాల కింద ఒకటుంది. నేను కొన్లేదు. నువ్వూ పెట్టలేదు. ఎవరు పెట్టారో ప్రభువుకే తెలియాలి."

లూషియస్ తన బూట్ల కేసి చూసుకున్నాడు. బూట్లు కొత్తవేమీ కావు. అయినా చాలాసేపు చూశాడు. వెర్లీన్ తండ్రి మొహంలోకి చూసింది, ఆరు రోజుల్లో మొదటిసారి.

రికార్డు తిరిగింది. ముందు గిటారు, తర్వాత డ్రమ్ము, ఆ తర్వాత వెర్లీన్ గొంతు. గది నిండిపోయింది. బయట కారులో రాస్కో తల ఊపుతున్నట్టు కిటికీలోంచి కనిపించింది. మదర్ క్రెన్షా కళ్లు మూసుకుని కదలకుండా వింది. రెండు నిమిషాల నలభై సెకన్లు ఇంత పొడుగుంటాయని ఓజెల్లాకి ఇంతవరకూ తెలియదు.

సూది లేచింది.

"తప్పు పాడావు," అంది మదర్ క్రెన్షా.

వెర్లీన్ తలొంచుకుంది. "అవును మదర్ గారూ. ప్రభువు పేరు తియ్యకుండా..."

"నేనన్నది అది కాదు. రెండో వరస తొందరపడ్డావు. జ్వరం తొందరపడదు. నువ్వు లాగి, ఆపి, అక్కడ కూర్చోవాలి. ఎక్కడికో రైలుకి పోతున్నట్టు పాడావేమిటి?"

"డ్రమ్ము వాయించే ఆయన తొందరపెట్టాడండి."

"వాడికి పిల్లలున్నారా?"

"లేరనుకుంటానండి."

"అదీ సంగతి." ముసలావిడ చేతికర్ర నేలకు ఆనించింది. "ఇప్పుడు చెప్పు. ఎవర్నడిగి పాడావు?"

"ఎవర్నీ అడగలేదు." వెర్లీన్ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. "వాళ్లిచ్చిన పాటలు మూడూ బాగా రాలేదు. టైమైపోతోంది. నీ ఎముకల్లో ఉన్న పాటేదన్నా పాడు పిల్లా అన్నారు. నోరు తెరిస్తే మీదే వచ్చింది. పాడుతున్నప్పుడే తెలుసు, ఇది నాది కాదని. మీ ఇంటికి రావాలనుకున్నా. మీ వీధి మలుపు దాకా మూడుసార్లు వచ్చా. భయమేసి తిరిగెళ్లిపోయా."

"ఎనభై ఒక్కేళ్ల దాన్ని, ఏం చేస్తాననుకున్నావు? కొడతాననా? నాకు కొట్టడానికి రాస్కో ఉన్నాడు."

ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. ఆవిడే నవ్వింది. నవ్వి, వెంటనే ఆపేసింది.

"రేపు తప్పు ఒప్పుకోమని డీకన్లంటున్నారు. డీకన్లకి అదొక సరదా. నాకు నీ తప్పు అక్కర్లేదు. తప్పుని ఏం చేసుకుంటాను, కూర వండుకుంటానా? నా పాట కావాలంటే నన్నడుగు."

వెర్లీన్ వచ్చి ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "మదర్ గారూ, మీ పాట నాకివ్వండి."

మదర్ క్రెన్షా ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. చాలాసేపు ఉంచింది.

"రేపు చర్చిలో చెప్తాను," అని లేచింది. "ఓజెల్లా, ఆ కనపడే చిలగడదుంప తీపి రొట్టె నాకేనా? రెండు ముక్కలు కట్టు. రాస్కోకి ఒక్కటే ఇస్తాను, చూపించి."

*

ఆవిడ వెళ్లిపోయాక ఇంట్లో పండగ వచ్చినట్టయింది. వెర్లీన్ తల్లిని పట్టుకుని వంటింట్లో గిరగిరా తిప్పింది. ఓజెల్లా కోళ్లు వేయించింది, మొక్కజొన్న రొట్టె చేసింది, ఆకుకూరలో పంది మాంసం మామూలు కంటే రెండింతలు వేసింది. మదర్ క్రెన్షా కోపంగా లేదంటే సగం సంఘం కోపంగా లేనట్టే.

రాత్రి భోజనాల దగ్గర లూషియస్ ఒక్కడే తినడం లేదు. ఎముక అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఏం లూషియస్, ఉప్పు ఎక్కువైందా?" అంది ఓజెల్లా. ఆరు రోజుల్లో మొదటిసారి పేరుతో పిలిచింది.

ఆయన ఆమె కేసి చూడలేదు. కూతురి కేసి తిరిగాడు.

"వెర్లీన్, రేపు ఆవిడ పాట మధ్యలో ఆపేస్తే నువ్వు నోరు తెరవకు."

నేరుగా అన్నాడు. మధ్యలో ఎవరూ లేరు. అన్న మాట కంటే అన్న తీరుకే తల్లీకూతుళ్లు బిత్తరపోయారు.

"అదేంటి నాన్నా? ఇస్తే తీసుకోవద్దా?"

"బ్రదర్ ఏమస్ తన పాట మేనల్లుడు థియోడర్‌కిచ్చిన రోజు గుర్తుందా? పాడుతూ పాడుతూ సగంలో ఆపేశాడు. థియోడర్ అందుకున్నాడు. అంతే, పాట థియోడర్‌ది. ఆ తర్వాత ఏమైంది? తొమ్మిదేళ్లయింది, ఒక్క మొదటి ఆదివారం తప్పలేదు వాడు. షికాగోలో ఉద్యోగం వస్తే వద్దన్నాడు. పోయినేడు కడుపు ఆపరేషనయితే కుట్లతో వచ్చి పాడి వెళ్లాడు. అందుకున్నవాడు ఉండి తీరాలి. మొదటి ఆదివారం ఆవిడ పాట లేకుండా రొట్టె విరవరు." ఆయన కూతురి వైపు వంగాడు. "సెప్టెంబరు మొదటి ఆదివారం నువ్వెక్కడుంటావు?"

వెర్లీన్ పెదవులు కదిలాయి. "బాల్టిమోర్‌లో."

"అక్టోబరులో?"

"ఇవయ్యాక ఇంకో ముప్ఫై ఊళ్లంటున్నారు." ఆమె పెనంలో చల్లారిపోతున్న మొక్కజొన్న రొట్టె కేసి చూస్తూ ఉండిపోయింది.

ఓజెల్లాకి అప్పుడర్థమైంది. మదర్ క్రెన్షా ఇస్తానన్నది బహుమతి. ఆ బహుమతి చేతిలో పడితే బస్సు వెళ్లిపోతుంది. ఆవిడ ఇవ్వడానికొచ్చిందా, కట్టి పడెయ్యడానికొచ్చిందా? రెండూనేమో. పెద్దవాళ్ల ప్రేమకి ఆ రెండూ ఒకటే అయి ఉంటాయి.

"తీసుకోకపోతే?" అంది వెర్లీన్. "అంతమంది ముందు ఆవిడ ఆపి చూస్తుంటే, నేను నోరు మూసుకుని నిలబడనా? అడిగింది నేనే కదా నాన్నా! మోకాళ్ల మీద కూర్చుని అడిగాను."

"మూసుకునే నిలబడు."

"అప్పుడిక ఆ చర్చిలో నాకు మొహం ఉంటుందా?"

"ఉండదు," అన్నాడు లూషియస్. "ఆరు నెలలో, ఏడాదో. తర్వాత నేను చూసుకుంటాను. కానీ ఆ బస్సు మళ్లీ రాదు." ఎముక తిప్పడం ఆపాడు. "నేను చెయ్యెత్తలేదు. ఆ రోజు. ఎత్తింది ఆరుగురే. చెప్పకూడదు, అయినా చెప్తున్నా."

వెర్లీన్ కుర్చీ వెనక్కి పడింది. లేచి వెళ్లి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. ఆయన కోడి ముక్క పట్టుకున్న చెయ్యి దూరంగా పెట్టి, రెండో చేత్తో ఆమె వీపు తడుతూ, "చొక్కా, చొక్కా, జిడ్డవుతుంది," అంటూనే ఉన్నాడు.

ఓజెల్లా కళ్లు తుడుచుకుంది. సంతోషమే. కానీ ఆ సంతోషంలో రేపటికి జవాబు లేదు.

*

ఆదివారం పదకొండింటికే ఎండకి చర్చి కాలిపోతోంది. శవపేటికల కంపెనీ వాళ్లు పంచిన అట్ట విసనకర్రలు మూడు వందలు ఒక్కసారిగా ఊగుతున్నాయి. వెర్లీన్ క్వైర్ బెంచీ మీద కాదు, నాలుగో వరసలో తల్లి పక్కన కూర్చుంది. లూషియస్ ముందు వరసలో డీకన్ల మధ్య ఉన్నాడు. క్వైర్ అంగీలు ముప్ఫై రెండిట్లో ఒకటి కొక్కేనికి వేలాడుతోంది. ఓజెల్లా దాన్ని చూడకూడదనుకుని పదిసార్లు చూసింది.

పాస్టరు గారు లేచి కళ్లద్దాలు సర్దుకున్నారు. "సంస్కారానికి ముందు ఒక విషయం ఉంది. సిస్టర్ వెర్లీన్ పెటిగ్రూ ముందుకు రావాలి."

వెర్లీన్ లేచింది. ఇంకా నడవాలోకి అడుగు పెట్టలేదు. మొదటి బెంచీలో చేతికర్ర టక్కుమంది.

"తర్వాత, పాస్టరు గారూ," అంది మదర్ క్రెన్షా. "ముందు రొట్టె."

పాస్టరు గారు ఆవిడ చేతిలో బాప్తిస్మం కంటే ముందు చెంపదెబ్బలు తిన్న మనిషి. కూర్చున్నారు. వెర్లీన్ మాత్రం కూర్చోవాలో వద్దో తెలియక అలాగే నిలబడిపోయింది.

మదర్ క్రెన్షా లేచి, సంఘం వైపు తిరిగి, పియానో లేకుండా ఎత్తింది. గొంతు బొంగురుపోయింది, అక్కడక్కడ తెగుతోంది. కానీ తొందరలేదు. ఒక్కొక్క మాటా మంచం పక్కన కూర్చుని అంటున్నట్టే ఉంది.

"దీపం సన్నగిల్లింది, తెల్లారేదాకా... నాతో కూర్చో యేసయ్యా..."

"ఆమెన్," అన్నారెవరో వెనక నుంచి.

"పిల్లాడి ఒళ్లు కాలుతోంది, తెల్లారేదాకా..."

ఆపేసింది.

విసనకర్రలు ఆగిపోయాయి. ముసలావిడ చూపు తిన్నగా నాలుగో వరసలో నిలబడ్డ పిల్ల మీద ఉంది. చర్చి అంతటికీ అర్థమైంది. ఏమస్ మేనల్లుడు థియోడర్ బెంచీ అంచుకు జరిగి కూర్చున్నాడు. లూషియస్ తిరిగి చూసి, తల అడ్డంగా, ఎవరికీ కనపడనంత కొద్దిగా ఊపాడు.

వెర్లీన్ ఛాతీ నిండింది. ఓజెల్లాకి తెలుసు, ఆ పక్కటెముకల కొలతలు తీసింది ఆమే. పిల్ల ఊపిరి తీసుకుంది. పాడబోతోంది. నాన్న చెప్పినా పాడబోతోంది. ఎందుకంటే ఆ వరస గాలిలో సగంలో వేలాడుతోంది, దాన్నలా వదిలెయ్యడం ఆ పిల్లకు పుట్టుకతోనే చేతకాదు. పాడితే లిటిల్ రాక్ అమ్మాయి బస్సెక్కుతుంది.

ఓజెల్లా చర్చిలో ఎన్నడూ ముందు గొంతెత్తలేదు. పాడేవాళ్లకు అంగీలు కుట్టింది, అంతే. కానీ వెర్లీన్‌కి అయిదో ఏట ఒళ్లంతా ఎర్రగా పొంగి జ్వరం వచ్చినప్పుడు, నాలుగు రాత్రులు తలుపులేసుకుని, మెల్లగా, దొంగతనంగా, ఆ పాటే పాడింది. ఆ పిల్ల ఎముకల్లోకి ఆ పాట ఎక్కింది చర్చిలో కాదు. ఎక్కించింది ఎవరో ఓజెల్లాకి ఒక్కదానికే తెలుసు. అందరికంటే ముందు, అడక్కుండా తీసుకున్నది కూతురు కాదు, తను. ప్రతి మొదటి ఆదివారం ఇక్కడే ఉండగలిగేది కూడా తనే.

కూతురి చెయ్యి పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టింది. తను లేచింది.

"...నాతో కూర్చో యేసయ్యా," అని అందుకుంది.

గొంతు మొదట వణికింది. సన్నగా, మిషను కింద దారం వచ్చినట్టు వచ్చింది. తర్వాత వరసకి లావైంది. లాగాల్సిన చోట లాగింది, ఆగాల్సిన చోట ఆగింది. పక్కన వెర్లీన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. లూషియస్ డీకన్ల మధ్య లేచి నిలబడిపోయాడు. టోపీ కింద పడింది, తీసుకోలేదు.

తాము ఇవ్వాలనుకున్న మనిషే అందుకుంటే, పాట ఇచ్చేవాళ్లు కూర్చుంటారు. కూర్చుంటే ఇచ్చినట్టు. బ్రదర్ ఏమస్ ఆ రోజు మూడో మాటకే కూర్చున్నాడు.

ఓజెల్లా రెండో చరణం ఎత్తింది. మదర్ క్రెన్షా చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి, ఆమె కేసే చూస్తూ, ఇంకా నిలబడే ఉంది.